శ్రమకాలపు స్నాప్ ఛాలెంజ్ గురించి అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

కాపరులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం నాయకురాళ్లకు, యవ్వనస్థుల నాయకులకు ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో ఒక వారం పాటు ఫుడ్ స్టాంపుల డబ్బుతోనే, అంటే తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం పేదలకిచ్చే స్నాప్ సాయమంత డబ్బుతోనే తిని, మిగిలింది బీదలకు ఇద్దామనే ఆలోచన మన సంఘాల్లోకీ వస్తోంది. దీన్నే స్నాప్ ఛాలెంజ్ అంటున్నారు. మేము బీదలకు ఉచితంగా సరుకులిచ్చే పాంట్రీల్లో బియ్యం సంచులు కట్టేవాళ్లం, స్నాప్ దరఖాస్తులు నింపేటప్పుడు పక్కన కూర్చునేవాళ్లం. ఈ పని మానుకోమని రాయడం లేదు. తప్పక చేయండి. కానీ మామూలుగా చేసే తీరులో చేస్తే మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది: మనం గెలుస్తాం. పప్పు, చారు, గుడ్డు కూర, పెరుగన్నం, వేరుశనగ పచ్చడి తెలిసిన ఇంట్లో వారం తిరిగేసరికి డబ్బు మిగులుతుంది. ఆదివారం సాక్ష్యాల్లో ఎవరో ఒకరు లేచి, ‘ఇంత డబ్బు చాలదంటారేమిటి, వాళ్లకు పొదుపుగా వండుకోవడం తెలియదు’ అంటారు. సహవాసం కోసం మొదలుపెట్టిన ఉపవాసం తీర్పు తీర్చడంతో ముగుస్తుంది. అలా జరగకుండా దీన్ని ఎలా నడపాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఈ సాయం సంగతి నాలుగు మాటల్లో. మన రేషను కార్డు మీద బియ్యం ఇస్తారు, ఇక్కడ కార్డులో డబ్బు వేస్తారు. 1939లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో మొదలైనప్పుడు ఇవి నిజంగానే కాగితపు స్టాంపులు. డాలరు పెట్టి నారింజ రంగు స్టాంపులు కొంటే యాభై సెంట్ల నీలం స్టాంపులు ఉచితంగా ఇచ్చేవారు, ఆ నీలం స్టాంపులతో రైతుల దగ్గర మిగిలిపోయిన సరుకు కొనుక్కోవాలి. ఆ పథకం 1943లో ఆగిపోయింది. 1964లో చట్టంగా తిరిగొచ్చింది. సాయం పొందడానికి ముందు పేదవాళ్లే కొంత డబ్బు కట్టాలన్న నిబంధన 1977 చట్టంతో పోయింది. 2008లో పేరు స్నాప్‌గా మారింది. ఇప్పుడు స్టాంపులు లేవు, ఈబీటీ అనే కార్డు ఉంది. నెలకు ఒక్కసారే అందులో డబ్బు పడుతుంది.

విశ్వాస సంఘాలు ఈ ఛాలెంజ్ చేపట్టడం కొత్త కాదు. 2007లో కొందరు కాంగ్రెస్ సభ్యులు, ఒరెగాన్ గవర్నరు వారానికి 21 డాలర్లతో తిని చూశారు. 2011లో క్రైస్తవ, యూదు, ముస్లిం సంస్థలు కలిసి వారానికి 31.50 డాలర్ల లెక్కతో దేశమంతటా పిలుపునిచ్చాయి. ఆ అంకెలు ఇప్పుడు పనికిరావు. ధరలు మారాయి, పైగా 2021 అక్టోబరు నుంచి ఈ సాయానికి ఆధారమైన చవక భోజన ప్రణాళికనే 21 శాతం పెంచారు. పాత అంకెలు ఎత్తి రాసుకుని ఛాలెంజ్ పెడితే లెక్క తెలిసినవాళ్లెవరైనా ఒక్క ప్రశ్నతో మీ మాట తేల్చేస్తారు.

సరైన అంకె ఏది? 2025 అక్టోబరు నుంచి 2026 సెప్టెంబరు వరకు 48 రాష్ట్రాల్లో గరిష్ఠ సాయం ఒక్కరికి నెలకు 298 డాలర్లు, ఇద్దరికి 546, ముగ్గురికి 785, నలుగురికి 994. అలాస్కా, హవాయిలకు వేరే పట్టిక ఉంది. చాలామంది నిర్వాహకులు ఈ గరిష్ఠాన్నే తీసుకుంటారు. అక్కడే మొదటి తప్పు. గరిష్ఠం వచ్చేది మినహాయింపులన్నీ పోగా ఏ ఆదాయమూ మిగలని ఇంటికి మాత్రమే. 2024 ఆర్థిక సంవత్సరంలో మనిషికి సగటున అందింది నెలకు సుమారు 187 డాలర్లు, అంటే రోజుకు ఆరు డాలర్ల పైచిలుకు.

ఒక లెక్క వేసి చూడండి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. నెలకు పన్నులకు ముందు 2,800 డాలర్ల జీతం. అద్దె, కరెంటు, గ్యాస్ కలిపి 1,700. సాయం లెక్కగట్టేటప్పుడు ముందు జీతంలో అయిదో వంతు తీసేస్తారు, 2,240 అవుతుంది. నలుగురి ఇంటికి ప్రామాణిక మినహాయింపు 223, అది పోగా 2,017. ఇందులో సగానికి మించిన ఇంటి ఖర్చును కూడా తీసేస్తారు. సగం 1,008.50 కాబట్టి మించింది 691.50. మిగిలే నికర ఆదాయం సుమారు 1,326. ఇందులో 30 శాతం మీరే తిండికి పెట్టుకోవాలని చట్టం లెక్క, అది 398. గరిష్ఠమైన 994లోంచి 398 తీస్తే కార్డులో పడేది 596 డాలర్లు. నలుగురికి, ముప్పై రోజులకు. మనిషికి రోజుకు అయిదు డాలర్లు.

ఇక్కడ మీ సంఘంలోని అకౌంటెంట్లు సరిగ్గానే ఒక అభ్యంతరం చెబుతారు: స్నాప్ పూర్తి తిండి ఖర్చు కాదు కదా, ఆ 398 డాలర్లు కూడా కలపాలి కదా అని. కాగితం మీద నిజమే. అయితే అదే ఇంటి చేతి లెక్క చూడండి. జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు 214 డాలర్లు పోతాయి. అద్దె, కరెంటు, గ్యాస్ పోగా మిగిలేది 886. కారు ఇన్సూరెన్సు, పెట్రోలు, ఫోన్లు, డైపర్లు, సబ్బులు, మందులకు మన వంతుగా కట్టే కోపే అన్నీ అందులోంచే. ఏ నెలలో ఏది పాడైతే అది ఆ 398ని తినేస్తుంది. కనుక ఛాలెంజ్‌లో 596 మీద మొదలుపెట్టండి, జేబులోంచి తీసిన ప్రతి డాలరునూ పక్క పేజీలో రాయించండి, దేనికి బదులుగా ఆ డాలరు వచ్చిందో కూడా రాయించండి.

ఇప్పుడు వంటింటి సంగతి. 596ని వారానికి కుదిస్తే 139 డాలర్లు. చవక దుకాణాల్లో నలుగురికి వారానికి మన పద్ధతిలో ఇలా కొనవచ్చు: పొడుగు గింజ బియ్యం 12 పౌండ్లు, గోధుమ పిండి 5, పప్పులు, ఎండు బీన్స్ కలిపి 4, నూనె 32 ఔన్సులు, పాలు రెండు గ్యాలన్లు, గుడ్లు రెండు డజన్లు, చికెన్ కాళ్లు 5 పౌండ్లు, వేరుశనగ గుళ్లు ఒక పౌండు, చక్కెర ఒక పౌండు, బంగాళాదుంపలు 5, ఉల్లిపాయలు 3, క్యాబేజీ 3, క్యారెట్ 2, డబ్బా టమాటాలు మూడున్నర పౌండ్లు, ఫ్రోజెన్ పాలకూర 2, అరటిపండ్లు 3 పౌండ్లు, టీ పొడి, చింతపండు. ఊరిని బట్టి ఎనభై నుంచి వంద డాలర్లవుతుంది. కేలరీలు కట్టి చూస్తే మనిషికి రోజుకు రెండు వేలు దాటతాయి. అంటే నలభై నుంచి అరవై డాలర్ల దాకా మిగిలినట్టే. సాక్ష్యంలో వినబడే గెలుపు ఇదే.

ఈ జాబితాను కాస్త దగ్గరగా చూడండి. మూడు పౌండ్ల అరటిపండ్లంటే ఎనిమిది కాయలు, మనిషికి వారానికి రెండు. మరో పండు లేదు. బంగాళాదుంపలు పక్కన పెడితే కూరగాయలు మనిషికి రోజుకు 220 గ్రాములే, అందులో ఉల్లిపాయలూ కలిసే ఉన్నాయి. కేలరీల్లో సగం దాకా బియ్యం, గోధుమల నుంచే. ఇంట్లో ఒకరికి షుగరు ఉంటే ఈ పళ్లెం పనికిరాదు. బియ్యం సగానికి తగ్గించి ఆ లోటు బీన్స్, గుడ్లు, చికెన్, కూరగాయలతో పూడిస్తే వారానికి ఇరవై డాలర్లకు పైగా పెరుగుతుంది. మన కుటుంబాల్లో షుగరు లేని పెద్దలు ఎంత తక్కువమందో మీకు తెలుసు. కాబట్టి చవక పళ్లేన్ని చూసి మురిసిపోయే ముందు దాన్ని ఎవరు తినగలరో అడగాలి.

పైగా ఈ జాబితాలో మిరప్పొడి, పసుపు, జీలకర్ర, ఆవాలు, ధనియాలు, ఉప్పు లేవు. అవి మీ డబ్బాల్లో ముందే ఉన్నాయి. ఒక వారం ఛాలెంజ్‌లో పెద్ద మోసం జరిగేది ఇక్కడే, ఎవరూ కావాలని చేయరు. ఖాళీ అలమారతో మొదలుపెడితే పోపు సామాను, నూనె, చింతపండు కలిపి మొదటి రోజే ఇరవై డాలర్లకు పైన పడుతుంది. దీనికి రెండు దారులున్నాయి. ఇంట్లో ఉన్నదాన్ని తూచి వాడి, వాడినంత ధర లెక్కగట్టడం ఒకటి. ఉదాహరణకు 32 ఔన్సుల నూనె సీసాలో 64 పెద్ద చెంచాలు ఉంటాయి, ధరను 64తో భాగించి రాసుకోవచ్చు. కానీ రెండు రోజులకే అందరూ తూచడం మానేస్తారు. రెండో దారి మేలు: అలమారకు టేపు వేయండి, ఉప్పు ఒక్కటి బయట ఉంచండి, మిగతావన్నీ కొత్తగా కొనండి.

ఇంకో దాపరికం ప్రెషర్ కుక్కర్. ఎండు బీన్స్ ఒక పౌండు ఉడికిస్తే సుమారు ఆరు కప్పులవుతాయి. 15 ఔన్సుల డబ్బాలో నీళ్లు వంపేస్తే ఒకటిన్నర కప్పు వస్తుంది. అంటే నాలుగు డబ్బాలు ఒక పౌండు ఎండు గింజలతో సమానం, ధర మాత్రం రెట్టింపు పైమాటే. రాత్రి నానబెట్టి పొద్దున ఉడికించే సమయం, స్టవ్వు, కుక్కరు ఉన్నవాళ్లే ఆ తేడాను మిగుల్చుకుంటారు. వారం అద్దెకు మోటెల్ గదిలో ఉండే కుటుంబానికి మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ మాత్రమే ఉంటాయి. వాళ్ల అయిదు డాలర్లు బ్రెడ్డు, పీనట్ బటరు, డబ్బా బీన్స్, ఓట్స్ దగ్గర ఆగిపోతాయి. మీ ఛాలెంజ్‌లో నాలుగింట ఒక కుటుంబానికి చీటీ తీసి ‘మైక్రోవేవ్ మాత్రమే’ అని కేటాయించండి. ఆ ఇంటివాళ్ల పుస్తకమే అందరికంటే ఎక్కువ నేర్పుతుంది.

దుకాణానికి వెళ్లే దారి కూడా లెక్కలోదే. ఇరవై పౌండ్ల బియ్యం బస్తా పౌండు లెక్కన చవక. రెండు బస్సులు మారేవాళ్లు దాన్ని పాలతో, దుంపలతో కలిపి మోయలేరు. సభ్యత్వ రుసుము కట్టే హోల్‌సేల్ దుకాణాలు ఛాలెంజ్‌లో వద్దు, ఆ రుసుము స్నాప్‌తో కట్టలేరు. ఇండియన్ స్టోరుకు వెళ్లదలిస్తే అక్కడ ఈబీటీ తీసుకుంటారో లేదో ముందు కనుక్కోండి, ప్రతి దుకాణానికీ ఆ అనుమతి ఉండదు. అనుమతి లేని దుకాణంలో కొన్న కందిపప్పు ఈ లెక్కలోకి రాదు.

కార్డుతో ఏం కొనగలరో, ఏం కొనలేరో అట్ట మీద రాసి అతికించండి. వేడిగా అమ్మే వండిన తిండి కొనలేరు. దుకాణంలోనే కాల్చి అమ్మే రోటిసెరీ కోడి వేడిగా ఉంటే కుదరదు, అదే కోడి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి అమ్మితే కుదురుతుంది. విటమిన్లు, మందులు, సబ్బు, టాయిలెట్ పేపరు, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, గిన్నెలు తోమే ద్రవం, మద్యం, సిగరెట్లు ఏవీ రావు. కొన్ని రాష్ట్రాలు 2026 నుంచి సోడాను, మిఠాయిలను కూడా ఆపేశాయి. తినే మొక్కల విత్తనాలు, నారు మాత్రం కొనవచ్చు. గోంగూర, తోటకూర విత్తనాల పొట్లం ఈ కార్డుతో వస్తుందని చాలామందికి తెలియదు, మార్చి ఏప్రిల్‌లో ఇది చెప్పాల్సిన మాట.

ఒక్క వారం చాలదని మా గట్టి అభిప్రాయం. కార్డులో డబ్బు నెలకొకసారి పడుతుంది, సగానికి ఎక్కువ భాగం మొదటి రెండు వారాల్లోనే ఖర్చవుతుంది. కష్టం ఉండేది మూడో వారం చివర్లో. వారం ఛాలెంజ్ ఎప్పుడూ మొదటి వారాన్నే అనుకరిస్తుంది. నలభై రోజుల శ్రమకాలంలో ముప్పై రోజులు తీసుకోవడం కష్టమేమీ కాదు. అదీ కుదరకపోతే ఆఖరి పది రోజుల్ని తీసుకోండి: 596లో పావు భాగం 149 డాలర్లు, నలుగురు, పది రోజులు. అలమారలో అయిదు పౌండ్ల బియ్యం, పోపు డబ్బా, అర సీసా నూనె ఉంచుకోండి. మనిషికి రోజుకు నాలుగు డాలర్లు కూడా రాదు. పండ్లు మొదట మాయమవుతాయి, తర్వాత పాలు. మజ్జిగ పలచబడుతుంది. కాఫీ అలవాటున్నవాళ్లకు రెండో రోజు తలనొప్పి వస్తుంది. ఎనిమిదో రోజుకు పిల్లల డబ్బాలో ఏం పెట్టాలన్నది ఇంట్లో పెద్ద ప్రశ్న అవుతుంది.

పిల్లల విషయంలో ఒక సర్దుబాటు చేయాలి. స్నాప్ ఇళ్లలోని పిల్లలకు స్కూల్లో భోజనం ఉచితం, కాబట్టి ఆ పూట మీ లెక్కలోనూ ఉచితమే. స్ప్రింగ్ బ్రేక్ వారం వస్తే ఆ అయిదు మధ్యాహ్నాలు ఇంటి మీద పడతాయి. 2024 నుంచి వేసవికి పిల్లవాడికి 120 డాలర్లిచ్చే పథకం ఉంది, అన్ని రాష్ట్రాలూ చేరలేదు. స్ప్రింగ్ బ్రేక్‌కు అదీ లేదు.

ముప్పై రోజులు చేసే సంఘాలు మూడు మూతవేసిన కవర్లు సిద్ధం చేసుకుంటే మంచిది. పదో రోజు, పద్దెనిమిదో రోజు, ఇరవై మూడో రోజు ఒక్కొక్కటి తెరవాలి. ఒకదానిలో ‘ఫ్రిజ్ ఆగిపోయింది, పాలు, మాంసం పారేయండి’ అని రాయండి. ఇంకోదానిలో ‘కార్డును ఎవరో స్కిమ్మింగ్ చేశారు, మిగిలిన డబ్బు పోయింది’ అని. స్కిమ్మింగ్ అంటే కార్డు గీకే యంత్రంలో దొంగ పరికరం పెట్టి వివరాలు కాజేయడం. ఇది కల్పన కాదు. ఈబీటీ కార్డులు చాలా రాష్ట్రాల్లో ఇంకా చిప్ లేని అయస్కాంతపు పట్టీ కార్డులే. దొంగలు కాజేసిన డబ్బును ఫెడరల్ నిధులతో తిరిగి వేసే వెసులుబాటు 2024 డిసెంబరు 20తో ముగిసింది. మూడో కవర్లో ‘జీతం నెలకు వంద డాలర్లు పెరిగింది’ అని రాయండి. సంతోషించే లోపు పై లెక్కలో 2,800 బదులు 2,900 పెట్టి చూపించండి: తర్వాతి సమీక్షలో సాయం 596 నుంచి 560కి దిగుతుంది. వంద పెరిగితే 36 పోయింది. కష్టపడితే పైకి రావచ్చు కదా అనేవాళ్లు ఈ ఒక్క లెక్కను తమ చేత్తో వేయాలి.

సాయం ఆగిపోవడం కూడా ఊహ కాదు. నిధులు మంజూరు కాక 2025 అక్టోబరు 1న మొదలైన ప్రభుత్వ షట్‌డౌన్ నవంబరు 12 దాకా సాగింది. నవంబరు డబ్బు లక్షల ఇళ్లకు సమయానికి రాలేదు.

ఎవరు చేయకూడదో వేదిక మీదే చెప్పండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఇన్సులిన్ గానీ షుగరు బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతతో పోరాడినవాళ్లు దూరంగా ఉండాలి. ఎదిగే పిల్లల పళ్లెం తగ్గించకూడదు. పెద్దలు చేస్తే చాలు, పిల్లలు లెక్క పుస్తకం రాయవచ్చు.

అంతకంటే సున్నితమైన సంగతి ఒకటుంది. మీ ఆరాధనలో వెనక వరుసలో ఈబీటీ కార్డు ఉన్నవాళ్లు కూర్చుని ఉండవచ్చు. ఉద్యోగం పోయిన తండ్రి, భర్త నుంచి విడిపోయిన తల్లి, ఒంటరి పెద్దావిడ ఎవరైనా కావచ్చు. ‘ఈ వారం మనం బీదవారిలా జీవిద్దాం’ అని వేదిక మీద నుంచి అంటే వాళ్లకు తమ రోజువారీ బతుకు ఇతరులకు ఒక అభ్యాసంగా వినబడుతుంది. ‘బీదవారిలా’ అన్న మాట వాడకండి. వాళ్లను లేచి సాక్ష్యం చెప్పమనకండి. పళ్లేల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టనివ్వకండి. ఉపవాసమున్నప్పుడు మనుష్యులకు కనబడవలెనని ముఖం వాడ్చుకోవద్దని మత్తయి ఆరో అధ్యాయంలో ప్రభువు చెప్పింది ఈ కాలానికి ఫొటోలకూ వర్తిస్తుంది. లెక్క పుస్తకం పేరు లేకుండా సంఘ పెద్దకు అందితే చాలు.

విద్యార్థుల సంగతి వేరు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చిన పిల్లలకు, హెచ్-1బీ ఉద్యోగులకు స్నాప్ రాదు. గ్రీన్‌కార్డు వచ్చిన పెద్దలు చాలావరకు అయిదేళ్లు ఆగాలి. స్పాన్సరు చేసిన పిల్లల ఆదాయం కూడా లెక్కలోకి రావచ్చు కాబట్టి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆ తర్వాతా సులువు కాదు. 2025 జులై చట్టం తర్వాత శరణార్థులుగా వచ్చిన చాలామందికి కూడా ఈ తలుపు మూసుకుపోయింది. ఆదివారం భోజనం కోసమే వారమంతా ఎదురుచూసే ఎమ్మెస్ విద్యార్థి మన సంఘాల్లో ఉన్నాడు, అతనికి పాంట్రీ ఒక్కటే దిక్కు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, అయిదేళ్లలోపు పిల్లలకు విక్ అనే వేరే పథకం ఉంది, చాలా రాష్ట్రాల్లో దానికి వీసా హోదా అడ్డు కాదు. విద్యార్థి భార్యగా ఎఫ్-2 వీసా మీద ఉన్న తల్లికి ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

ఆరాధన తర్వాత ప్రేమవిందు ఛాలెంజ్‌లో ఉన్నవాళ్లు తినవచ్చా అని అడుగుతారు. తినవచ్చు, ఎందుకంటే ఆ బల్ల ఎవరికైనా తెరిచి ఉంది. స్నేహితుల ఇంటి పుట్టినరోజు బిర్యానీ, ఆఫీసు క్యాంటీను ఉచిత భోజనం మాత్రం వద్దు, అవి కలిగినవాళ్ల పరిచయాలతో వచ్చే తిండి. ఆ నెల ప్రేమవిందులో మిగిలిన అన్నం, కూరలు డబ్బాల్లో సర్ది తలుపు దగ్గర పెట్టండి, ఎవరు తీసుకున్నారో చూడకండి.

ఇక ఛాలెంజ్ అయ్యాక చేయాల్సింది. యెషయా 58లో దేవుడు కోరిన ఉపవాసం ఆకలిగొన్నవానికి ఆహారం పంచడం, కాడి విప్పడం. మన ఊళ్లలో తల్లులు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి సంఘం కుండలో వేసేవారు. ఆ పిడికెడును ఇక్కడ దేనికి వాడాలో పాంట్రీల్లో నిలబడి చూస్తే తెలుస్తుంది. మిగిలిన డబ్బుతో డబ్బా సూపులు కొని తేకండి. మొదట డైపర్లు, ప్యాడ్లు, సబ్బు, బట్టల పొడి కొనండి, కార్డు వాటిని కొననివ్వదు కాబట్టి. తిండికైతే పాంట్రీకి నగదు ఇవ్వండి, మీరు దుకాణంలో కొనేదానికంటే చవకగా వాళ్లు టోకున కొంటారు. వస్తువులే ఇవ్వాలనుకుంటే నూనె, బియ్యం, పీనట్ బటరు, లాగితే మూత ఊడే డబ్బాలు ఇవ్వండి. డబ్బా ఓపెనరు అందరి దగ్గరా ఉండదు.

రోజు కూడా ముఖ్యం. కాలిఫోర్నియాలో కార్డులో డబ్బు నెల మొదటి పది రోజుల్లో పడుతుంది, కాబట్టి అక్కడ మీ సరుకుల పంపిణీ మొదటి శనివారం పెడితే ఉపయోగం తక్కువ, ఆఖరి శనివారం పెట్టాలి. టెక్సాస్‌లో ఒకటో తేదీ నుంచి ఇరవై ఎనిమిది దాకా విడతలుగా పడుతుంది, అక్కడ వారం వారం కావాలి.

డబ్బు కంటే మన సంఘాలు బాగా చేయగలిగిన పని కాగితాలది. దరఖాస్తు మీద ముప్పై రోజుల్లో నిర్ణయం రావాలి. నెల ఆదాయం 150 డాలర్ల లోపు, చేతిలో నగదు వంద లోపు ఉన్నా, లేదా ఆదాయం, నగదు కలిపినా అద్దె బిల్లులకు చాలకపోయినా ఏడు రోజుల్లో ఇవ్వాలి. చాలా దరఖాస్తులు అర్హత లేక ఆగవు. ఇంటర్వ్యూ కోసం తెలియని నంబరు నుంచి వచ్చిన ఫోను ఎత్తకపోవడం వల్ల, అద్దె రసీదు స్కాన్ చేయలేకపోవడం వల్ల, సమీక్ష ఉత్తరం పాత చిరునామాకు వెళ్లడం వల్ల ఆగుతాయి. పెద్దవాళ్ల విషయంలో మందుల ఖర్చు చూపించకపోవడం పెద్ద పొరపాటు. అరవై దాటినవాళ్లకు, వికలాంగులకు నెలకు 35 డాలర్లకు మించిన వైద్య ఖర్చు మినహాయింపులోకి వస్తుంది. అది చూపించక ఒంటరి పెద్దావిడ కనీస సాయమైన 24 డాలర్లతో సరిపెట్టుకునే సందర్భాలు ఉంటాయి. ఇంటర్వ్యూకు తెలుగు దుబాసీని ఉచితంగా అడిగే హక్కు ఉంది. ఐటీలో పనిచేసే మన యవ్వనస్థులు నెలకు రెండు శనివారాలు ఒక స్కానరు, ఒక ల్యాప్‌టాపు పట్టుకుని సంఘం హాల్లో కూర్చుంటే చాలు.

మరొకటి. 2025 చట్టం ప్రకారం 64 ఏళ్ల దాకా, పద్నాలుగేళ్లలోపు పిల్లలు లేని పెద్దలు నెలకు 80 గంటలు పని చేసినట్టు చూపాలి. లేదంటే మూడేళ్లలో మూడు నెలలే సాయం. జీతం లేని స్వచ్ఛంద సేవ కూడా ఆ గంటల్లోకి వస్తుంది, రాష్ట్రం అడిగిన తీరులో రుజువు ఇస్తే. మీ సంఘం పాంట్రీ, వంటశాల, వృద్ధుల సందర్శన ఆ గంటలు ఇవ్వగలవు. కౌంటీ కార్యాలయంలో వాళ్ల ఫారం తీసుకుని, వచ్చిన గంట, వెళ్లిన గంట రాసే రిజిస్టరు పెట్టండి. సంతకం చేసేవాళ్లు ఇద్దరు ఉండాలి, ఒకరు ఇండియా వెళ్తే ఇంకొకరు ఉంటారు. ఆరాధనకు రావడాన్ని ఆ గంటలకు షరతు చేయకండి.

ప్రజాప్రతినిధులకు రాయడానికి జంకకండి. పన్ను మినహాయింపు ఉన్న సంఘం అభ్యర్థులకు మద్దతు పలకకూడదు, కానీ ఆకలి గురించి, చట్టాల గురించి మాట్లాడవచ్చు. ఛాలెంజ్ చేసిన ఇళ్ల లెక్క పుస్తకాల్లోంచి మూడు పేజీలు పేర్లు తీసేసి జతచేస్తే ఆ ఉత్తరాన్ని చదువుతారు.

ఈ ఛాలెంజ్‌ను ప్రకటించే ఆదివారానికి రెండు వారాల ముందు మీ దగ్గరి పాంట్రీకి ఫోన్ చేయండి. నెలలో ఏ రోజుల్లో వరుస పొడుగ్గా ఉంటుందో, ఏ వస్తువు అన్నిటికంటే ముందు అయిపోతుందో అడగండి. ఆ రెండు జవాబులూ కాగితం మీద రాసుకున్నాకే సంఘానికి చెప్పండి.

ప్రభువునందు మీ సహోదరీ సహోదరులు,
పాంట్రీల్లో సేవ చేసే కొందరు తెలుగు విశ్వాసులు